గుండెనొప్పి వేషం

అత్తకి గుండెనొప్పి ఇచ్చింది నేనే.

ఆ వారమంతా మా ఆఫీసువాళ్ళ చుట్టాలకి తలా ఒక కష్టం పంచిపెడుతూ కూచున్నాను. ఒకరికి కాలు బెణుకు. ఒకరికి తప్పిపోయిన పిల్లాడు. ఒకరికి పట్టరాని కోపం. అరచేతిలో ఇమిడే అట్టముక్కల మీద వేషాలు రాయడం నా పని. "మీరు భాష రాని విదేశీయుడు. ఎవరేం చెప్పినా మీకు అర్థం కాదు." "మీరు కోపిష్టి యాత్రికుడు. పై అధికారి ఎవరో చెప్పమని అరవండి." ఇలా.

మాది నగర టూరిజం ఆఫీసు. నది ఒడ్డు నుంచి అవతలి కొండమీదికి పోయే రోప్‌వే మా అజమాయిషీలో ఉంది. అది మధ్యలో ఆగిపోతే ఎవరికి ఏం చెప్పాలి, ఎవరు చెప్పాలి, ఏ మాట వాడాలి, ఏది వాడకూడదు అని నెలల తరబడి కూచుని ఒక ప్రణాళిక తయారుచేశాం. దాన్ని పరీక్షించడానికి ఒక డ్రిల్లు. కిరాయి మనుషుల్ని తెచ్చే స్తోమత ఆఫీసుకి లేదు కాబట్టి ఎవరింట్లోవాళ్ళని వాళ్ళు తీసుకురావాలన్నారు. నేను అత్తని తీసుకొచ్చాను. మా నాన్నకి అక్క. ఉద్యోగం వచ్చి ఊరి నుంచి ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఆమె దగ్గరే ఉంటున్నాను. బట్టలు కుడుతుంది. కుట్టు మిషను చప్పుడు మించి మాట్లాడటం అలవాటై, మా వీధిలో ఆమె గొంతు వినపడని ఇల్లు లేదు.

డైరెక్టరుగారికి ఈ డ్రిల్లు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, కిందటి వానాకాలంలో నది మీది వంతెన కుంగిపోయిందని ఎవడో ఫోన్లో రాశాడు. వంతెన నిక్షేపంగా ఉంది. కానీ మా ఆఫీసు నోరు తెరిచేలోపే హోటళ్ళు ఖాళీ అయిపోయాయి. పడవలవాళ్ళు, గదులు ఊడ్చేవాళ్ళు ఆ సీజనంతా చేతులు ముడుచుకుని కూచున్నారు. అప్పటి నుంచి ఆయన ఏ మీటింగులోనైనా ఒకటే మాట. "ఒకే గొంతు వినపడాలి. రెండో గొంతు వినపడిందంటే పుకారు పుట్టినట్టే." వెనకాల అందరూ ఆయన్ని ఒకే గొంతు సారు అనేవాళ్ళు. నేనూ అనేదాన్ని, మనసులో.

ఆ పొద్దున అత్త అద్దం ముందు నిలబడి సాధన మొదలుపెట్టింది.

"ఏమే, ఏ చెయ్యి పట్టుకోవాలి?"

"ఎడమది. నొప్పి చేతిలోకి పాకుతున్నట్టు ఉండాలత్తా."

"పాకుతున్నట్టు ఎలా చెయ్యనే? అదేమన్నా పామా?"

"కొంచెం మొహం చిట్లించు చాలు."

"చిట్లిస్తే మీ నాన్నలా ఉంటాను. నన్ను చూసి జాలి పడాలా, పారిపోవాలా జనం?"

షుగరు సూది వేసుకుంది. నేను చూశాను. హోటలు నుంచి తెచ్చిన టిఫిన్ మాత్రం ముట్టుకోలేదు. అడిగితే, "అక్కడ పొట్లాలు పెడతారన్నావుగా? కడుపునిండా తిని గుండెనొప్పి అంటే నొప్పి బదులు తేన్పులొస్తాయి" అంది. సూది వేసుకున్నాక ఏదో ఒకటి తినాలి కదా అన్నాను. పద పద, మీ సారు నిన్ను తిడితే నేను ఊరుకోలేను, అక్కడ గొడవైపోతుంది అంటూ చెప్పులేసుకుంది. నా బుర్రంతా అట్టముక్కల మీదే ఉంది. ఒకటి ఎక్కడో పడిపోయిందేమో అని రెండుసార్లు లెక్కపెట్టుకుంటూ ఆమె వెనకే నడిచాను.

కింది స్టేషన్లో అప్పటికే సందడిగా ఉంది. ముందుగా అందరి ఫోన్లూ తీసుకుని ఒక బుట్టలో పెట్టాం. పైన వేలాడుతున్నప్పుడు ఎవరైనా ఫొటో తీసి "చిక్కుకుపోయాం" అని పెట్టారంటే వంతెన కథే మళ్ళీ అవుతుందని డైరెక్టరుగారి భయం. మా అకౌంటెంటుగారు విదేశీయుడి వేషానికని ఎక్కడిదో టోపీ, నల్ల కళ్ళద్దాలు పెట్టుకొచ్చారు. ఆయన భార్యకి కింద కూచుని ఎదురుచూసే బంధువు వేషం ఇచ్చాను.

"ఆ టోపీ తీసెయ్యండి" అంటోంది ఆవిడ. "విదేశీయుడిలా లేరు. పెళ్ళిళ్ళలో వీడియోలు తీసేవాడిలా ఉన్నారు."

"ఘిష్ పూష్ మోష్" అన్నారాయన.

"మొదలైందా? ఇంట్లో కూడా ఇంతే కదా, నేను చెప్పేది ఒక్క ముక్కా అర్థం కాదు. దీనికి అట్టముక్క కూడా ఎందుకు?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వుకుంటూ అత్త ఎక్కిన నాలుగో క్యాబిన్లోనే ఎక్కారు. మా టైపిస్టు చెల్లెలు కూడా అందులోనే. ఆ పిల్లకి కొత్తపెళ్ళికూతురి వేషం. మొగుడు ఇంకో క్యాబిన్లో ఉండిపోయాడని ఏడవాలి.

నా చోటు మేడమీద అద్దాల గదిలో. కిటికీలోంచి తీగ మీద వరసగా క్యాబిన్లు కనపడతాయి. బల్ల మీద అటొకటి ఇటొకటి రెండు మైకులు, ఒక్కో క్యాబిన్‌కి ఒక్కో చిన్న దీపం. లోపలున్నవాళ్ళు బటన్ నొక్కితే ఇక్కడ దీపం వెలుగుతుంది, వాళ్ళ మాట నాకే కాదు, మిగతా క్యాబిన్లన్నిటికీ వినపడుతుంది. పాతకాలపు ఏర్పాటు. యాత్రికులకి ప్రకటనలు చదవాల్సింది నేను. విలేకరులతో మాట్లాడాల్సింది డైరెక్టరుగారు. రెండూ ఆయన సంతకం పెట్టిన కాగితాల మీదివే కాబట్టి నా గొంతు కూడా ఆయన గొంతు కిందే లెక్క.

ఇంజినీరు మోటారు ఆపాడు. క్యాబిన్లు కాస్త ముందుకీ వెనక్కీ ఊగి నది మీద గాల్లో నిలబడ్డాయి. నేను చదివాను.

"ప్రియమైన యాత్రికులారా, ఇది అభ్యాసం మాత్రమే. సాంకేతిక కారణాల వల్ల ప్రయాణం కొద్దిసేపు ఆగింది. దయచేసి మీ స్థానాల్లోనే కూచోండి. మా సిబ్బంది మీ క్షేమం కోసం పనిచేస్తున్నారు."

దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి. కోపిష్టి అరిచాడు. తప్పిపోయిన పిల్లాడి తల్లి ఏడ్చింది, ఏడుస్తూ మధ్యలో నవ్వొచ్చి ఆపేసింది. అకౌంటెంటుగారు ఘిష్ పూష్ అన్నారు. అన్నిటినీ మించి మా అత్త.

"అమ్మో! నా గుండె! ఎవరో గుండెని పిండి తాడు మీద ఆరేస్తున్నట్టుంది తల్లీ! మా మేనకోడల్ని పిలవండి, బీరువా తాళాలెక్కడున్నాయో చెప్పి పోతాను!"

గదిలో ఉన్న విలేకరులు పగలబడి నవ్వారు. డైరెక్టరుగారి పెదవుల చివర కూడా కదిలింది.

"ఎవరమ్మా ఆవిడ?"

"మా అత్త, సార్."

"బాగా చేస్తోంది."

అప్పుడు నాకు గర్వంగా అనిపించిన మాట నిజం.

విలేకరులకి తొందర పనులుంటాయి. వాళ్ళని కూచోబెట్టకూడదని ముందురోజే ముగింపు ప్రకటన కూడా సిద్ధం చేశాం. "అభ్యాసం విజయవంతంగా ముగిసింది. అందరూ క్షేమంగా దిగారు." నేనే టైపు చేశాను. తినే పొట్లాలతో పాటు దాన్నీ పంచేశారు. వాళ్ళు అక్కడికక్కడే తమ ఆఫీసులకి పంపేసి, పొట్లాలు విప్పుకుంటున్నారు. ఇంజినీరు మీట నొక్కాడు. మోటారు మూలిగింది. తీగ కదల్లేదు.

మళ్ళీ నొక్కాడు. మళ్ళీ మూలిగింది.

"ఏమైందయ్యా?" అన్నారు డైరెక్టరుగారు, చాలా మెల్లగా.

"బ్రేకు వదలట్లేదు సార్. చూస్తాను. ఐదు నిమిషాలు."

ఇంజినీరు మెట్లు దిగి కిందికి పరిగెత్తాడు. డైరెక్టరుగారు విలేకరుల వైపు ఒకసారి, కిటికీ వైపు ఒకసారి చూశారు. నా కుర్చీ వెనక్కి వచ్చి వంగి, "డ్రిల్లు ఇంకా నడుస్తున్నట్టే. మొదటి ప్రకటనే మళ్ళీ చదువు" అన్నారు.

చదివాను. "ఇది అభ్యాసం మాత్రమే" అన్నచోట ఒక్కసారి ఆగి, మళ్ళీ అందుకున్నాను.

చదువుతూనే ఎడమచేత్తో ప్రణాళిక ఫైలు తిరగేస్తున్నాను. తీగ తెగితే ఏం చెప్పాలో ఉంది. పిడుగు పడితే, మంటలు లేస్తే, వరద వస్తే, క్యాబిన్లో కోతి దూరితే కూడా ఉంది. డ్రిల్లు జరుగుతుండగా మధ్యలో నిజమే వచ్చి కూచుంటే ఏం చెప్పాలో లేదు. అంతమందిమి అన్ని రోజులు కూచుని రాశాం. ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

ఐదు నిమిషాలు అయిపోయాయి. ఇంజినీరు కింద నుంచి ఫోన్ చేసి ఇంకో ఐదు అన్నాడు. తర్వాత ఇంకో ఐదు అన్నాడు. ఎండ ఎక్కింది. డైరెక్టరుగారు చేతిలో కాగితం మడతపెట్టి విప్పుతున్నారు, విప్పి మడతపెడుతున్నారు. ముగింపు ప్రకటన పంపేసిన కళ్ళజోడు విలేకరి కిటికీ దగ్గరికొచ్చి, "దిగిపోయారని రాశారు, ఇంకా వేలాడుతున్నారేంటండీ?" అన్నాడు. "రెండో దశ" అన్నారు డైరెక్టరుగారు. ఓహో అని అతను మళ్ళీ పొట్లం దగ్గరికి పోయాడు.

పైన మాత్రం వాళ్ళకి ఏ అనుమానమూ లేదు. కోపిష్టి కొత్త కొత్త తిట్లు కనిపెడుతున్నాడు. ఎవరో పాటలు మొదలుపెట్టారు. అంతలో నాకు తోచింది, అత్తవాళ్ళ నాలుగో దీపం వెలిగి చాలాసేపైందని.

మా అత్త అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. నిద్రలో కూడా ఎవరితోనో తగాదా పడుతూ ఉంటుంది.

"నాలుగో క్యాబిన్, ఎలా ఉన్నారు?"

దీపం వెలిగింది. "ఘిష్ పూష్" అన్నారు అకౌంటెంటుగారు. వెనకాల టైపిస్టు చెల్లెలు కిలకిలా నవ్వుతోంది. "ఆంటీ సూపరండీ! ఇప్పుడు చెమటలు కూడా తెప్పించుకుంది! చీరంతా తడిసిపోయింది. ఎలా చేస్తున్నారో తెలీట్లేదు!"

మైకుని ఇంకా దగ్గరికి లాక్కున్నాను.

"అత్తా. అత్తా, నేను. మాట్లాడు."

దీపం ఆరి మళ్ళీ వెలిగాక, "ఆఁ" అంది. అది మా అత్త గొంతే. కానీ ఎవరో తలుపు సందులోంచి మాట్లాడుతున్నట్టుంది.

"గుండెనొప్పి ఎలా ఉంది?"

"గుండెనొప్పి ఎవరికి?"

"నీకే అత్తా."

"నాకేం లేదు. బాగానే ఉన్నా." కొంచెం ఆగి, "పొయ్యి ఆపావా?" అంది. "పొయ్యి ఆపావా అమ్మాయ్?"

పొద్దున మేము పొయ్యే వెలిగించలేదు.

నేను మైకు కట్టేసి లేచాను. "సార్, మా అత్తకి షుగరు పడిపోతోంది. సూది వేసుకుని ఏమీ తినకుండా వచ్చింది. ఇంతసేపు అవుతుందని అనుకోలేదు."

"గుండెనొప్పి మనిషి నీరసంగానే మాట్లాడుతుంది కదమ్మా. కార్డులో ఉన్నదే చేస్తోందేమో."

"చేస్తున్నప్పుడు మీరు విన్నారుగా సార్, ఎలా చేస్తుందో. ఇప్పుడు చెయ్యట్లేదు. చెయ్యడం మానేసింది. బాగానే ఉన్నానంటోంది."

"బాగానే ఉన్నానంటే భయమెందుకు?"

రెండు చేతులూ గాల్లో తిప్పాను. ఆయన నన్ను మూలకి తీసుకెళ్ళారు. గొంతు తగ్గించారు.

"నువ్వు మైకులో ఇది నిజం అన్నావంటే అన్ని క్యాబిన్లూ వింటాయి. భయపడి ఎవరైనా తలుపు తోస్తే? కింద నది. ఇక్కడ వీళ్ళు. వంతెన సంగతి మర్చిపోయావా? అబద్ధానికే ఊరు ఖాళీ అయింది, నిజమైతే ఏమవుతుందో ఆలోచించు. ఇంజినీరు ఇప్పుడో అప్పుడో బాగుచేస్తాడు. కొంచెం ఓపిక పట్టు."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అదే నన్ను నిలవనివ్వలేదు. తలుపు తోసుకునే మనిషి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మా అత్త మాత్రం ఉంది. ఆమె పక్కన ఇద్దరు మనుషులు కూచుని చెమట పట్టిన మొహాన్ని చూసి చప్పట్లు కొడుతున్నారు. నేను ఓపిక పడితే ఆమె వాళ్ళ మధ్యే, వాళ్ళు మెచ్చుకుంటుండగానే స్పృహ తప్పుతుంది. స్పృహ తప్పడం కూడా బాగా చేసిందంటారు.

కుర్చీలో కూచుని మైకు తెరిచాను.

"అందరూ వినండి. ఇది ఇప్పుడు అభ్యాసం కాదు. మోటారు నిజంగానే ఆగిపోయింది. నాలుగో క్యాబిన్లో ఉన్న ఆమెకి నిజంగానే ఒంట్లో బాగోలేదు. షుగరు పడిపోతోంది. దయచేసి..."

వెనకాల డైరెక్టరుగారు నా కుర్చీ వీపు పట్టుకున్నారు. కానీ లాగలేదు.

దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. వచ్చినవి కేకలు కావు, నవ్వులు.

"అబ్బో, రెండో అంకం!"

"ఇది మా కార్డులో లేదే? మేమేం చెయ్యాలి, భయపడాలా?"

"అమ్మాయి కూడా బాగా చేస్తోందిరా. గొంతు చూడు ఎలా వణికిస్తోందో."

మళ్ళీ చెప్పాను. ఒట్టు పెట్టాను. ఎంత చెబితే అంత మెచ్చుకున్నారు. పొద్దుట్నుంచీ అదే మైకులో, అదే గొంతుతో, దయచేసి, దయచేసి అని వాళ్ళకి అబద్ధం చెప్పినదాన్ని నేనే. ఇప్పుడు దయచేసి అంటే ఎవరు నమ్ముతారు? అకౌంటెంటుగారిని పేరు పెట్టి పిలిచి, ఆమె మొహం చూడండి సార్, చెయ్యి పట్టుకు చూడండి, చల్లగా ఉంటుంది అని బతిమాలాను. ఆయన ఏమాత్రం తొణక్కుండా, "మోష్?" అన్నారు. మొత్తం తీగంతా నవ్వింది.

నేను మైకు వదిలేసి మెట్ల వైపు పరిగెత్తాను. ఎందుకు పరిగెత్తానో నాకే తెలీదు. తీగ ఎక్కి పోతానా? మెట్ల కింద బెంచీ మీద అకౌంటెంటుగారి భార్య, ఎదురుచూసే బంధువు అట్టముక్కతో విసురుకుంటూ కూచుని ఉంది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"అమ్మా, రండి. మీ ఆయనకి చెప్పండి. మా అత్త చచ్చిపోతుంది."

ఆవిడ నా మొహంలోకి చూసింది. ఇది కూడా వేషమా అని అడగలేదు. మోకాళ్ళ నొప్పులని పొద్దున లిఫ్టు అడిగిన మనిషి, ఆ మెట్లన్నీ నాకంటే ముందు ఎక్కేసింది. డైరెక్టరుగారు ఏదో అనబోయి పక్కకి తప్పుకున్నారు. ఆవిడ మైకుని చిప్పగరిటె పట్టుకున్నట్టు పట్టుకుంది.

"ఏమండీ!"

తీగ మీద నవ్వులు ఆగాయి.

"ఏమండీ, వినపడుతోందా? ఆ దిక్కుమాలిన టోపీ తీసి అవతల పారేసి, పక్కనున్న ఆవిడ మొహం చూడండి. ఇంకొక్కసారి ఘిష్ అన్నారంటే మీరు పైనే ఉండిపోండి, కిందికి రావద్దు. చూశారా?"

"ఆఁ... చూస్తున్నానే" అన్నారు అకౌంటెంటుగారు, శుభ్రమైన తెలుగులో. కాసేపటికి ఆయన గొంతు మారిపోయింది. "అమ్మో. ఈవిడ ఒళ్ళు ఐసులా ఉంది. కళ్ళు నిలబడట్లేదు. పిలిస్తే పలకట్లేదే!"

టైపిస్టు చెల్లెలు ఏడుపు మొదలుపెట్టింది. ఈసారి కొత్తపెళ్ళికూతురి ఏడుపు కాదు.

నేను మైకు దగ్గరికి వంగాను. "తీపిది ఏదైనా ఉందా సార్, మీ దగ్గర? పంచదార, బిస్కట్టు, ఏదైనా?"

దీపం వెలిగింది, ఆరింది.

"మాట్లాడరేం? ఉందా లేదా?" అంది ఆవిడ.

"ఉన్నాయి... చొక్కా జేబులో. నారింజ బిళ్ళలు."

"మీ జేబులోనా? తీపి మానేశానని నా నెత్తిన చెయ్యి పెట్టి చెప్పారే!"

"తర్వాత తిడుదువుగానే!"

"ఎన్ని ఉన్నాయి?"

"బోలెడు."

"అన్నీ తియ్యండి. తర్వాత మీ సంగతి చెబుతాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఏ అట్టముక్క మీదా ఎవరూ రాయలేని మాటలవి. అన్ని క్యాబిన్లకీ ఒకేసారి తెలిసిపోయింది, తాము నిజంగానే నది మీద వేలాడుతున్నామని. ఒక్క క్షణం ఆగి కేకలు మొదలయ్యాయి. కోపిష్టి వేషం వేసినాయన అమ్మా అమ్మా అని పిలుస్తున్నాడు. రెండో క్యాబిన్ ఊగడం కిటికీలోంచి నాకు కనపడింది. ఎవరో లేచి నిలబడ్డారు.

నాకు రెండు పనులూ ఒక్క నోటితో చెయ్యాలి. బిళ్ళలు నలగ్గొట్టి సీసా నీళ్ళలో కలపండి, నోట్లో పోసెయ్యొద్దు, వేలితో చెంప లోపల రాయండి, మింగుతోందా చూడండి అని అకౌంటెంటుగారికి చెబుతుంటే మధ్యలో కేకలు నా మాటని ముక్కలు చేస్తున్నాయి. అప్పుడు డైరెక్టరుగారు బల్లకి అటుపక్కనున్న రెండో మైకు తీసుకున్నారు. ఆయన చేతిలో కాగితం లేదు. గొంతు సవరించుకున్నారు, ఏమీ రాలేదు. మళ్ళీ సవరించుకున్నారు.

"నేను డైరెక్టర్ని. రెండో క్యాబిన్లో నిలబడ్డదెవరు? కూచోండి బాబూ. కూచోండి. బ్రేకు పట్టేసింది. తీగ గట్టిగానే ఉంది. కిందపడదు. ఎంతసేపు పడుతుందో నాకు తెలీదు. తెలిసినప్పుడు చెబుతాను. తెలీనప్పుడు తెలీదని చెబుతాను."

రెండో క్యాబిన్ ఊగడం మెల్లగా తగ్గింది. ఆయన ఒక్కొక్కరితో మాట్లాడుతూనే ఉన్నారు. ఆయన పక్కనే నేను వేరేవైపు వేరే మాటలు చెబుతున్నాను. అకౌంటెంటుగారి భార్య మా ఇద్దరి మధ్యా వంగి, "మింగిందా? గుటక వేసిందా? సరిగ్గా చూసి చెప్పండి" అంటోంది.

ఎంతసేపటికో, "మింగుతోంది" అన్నారు అకౌంటెంటుగారు. "నా వేలు కొరికింది."

ఆవిడ బల్ల మీద తల పెట్టేసుకుంది.

ఆ తర్వాత ఇంజినీరు బ్రేకు చేత్తో విప్పించి, డీజిలు ఇంజను పెట్టి క్యాబిన్లని ఒక్కొక్కటే దింపాడు. తీగ జానెడు జానెడు కదులుతుంటే నేను ప్లాట్‌ఫాం మీద ఒకచోట నిలబడలేక అటూ ఇటూ తిరిగాను. అత్తని ఇద్దరు పట్టుకుని ప్రథమ చికిత్స గదిలోకి తీసుకొచ్చారు. నర్సు వేలు గుచ్చి చూసి, గ్లూకోజు నీళ్ళు ఇచ్చి, ఇంకాసేపు ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేను అంది. ఆ మాట నా చెవిలో పడింది, లోపలికి పోలేదు. అత్త చెయ్యి పట్టుకుని, అది మళ్ళీ వెచ్చబడుతోందా లేదా అని చూస్తూ ఉన్నాను.

కాసేపటికి అత్త కళ్ళు తెరిచి నన్ను పోల్చుకుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"ఏమే, ఎలా చేశాను?"

గ్లూకోజు నీళ్ళ గ్లాసు మళ్ళీ ఆమె నోటికి అందించాను.

"బీరువా తాళాల మాట నా సొంతం. నువ్వు రాయలేదు" అంది. "నవ్వారా? చివర్లో ఏం చేశానో సరిగ్గా గుర్తు రావట్లేదు. చివర్లో ఎలా ఉంది?"

బయట అడుగుల చప్పుడు. తలుపు కొంచెం తీసుకుని డైరెక్టరుగారు లోపలికి వచ్చి, తలుపు దగ్గరగా వేశారు. చెమటకి చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది.

"ఇలా చూడమ్మా. విలేకరులంతా ఇది కూడా డ్రిల్లే అనుకుంటున్నారు." నాతోనే అన్నారు, కానీ నా వైపు చూడలేదు. "ఇంత సహజంగా చేసిన డ్రిల్లు ఎక్కడా చూడలేదంటున్నారు. నేను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. వాళ్ళే అనుకున్నారు. మీ అత్తగారి ఫొటో కావాలని వస్తున్నారు. మనం కాదనకపోతే చాలు."

"మోటారు?"

"మోటారు ఇంజినీరు చూస్తాడు. రేపు పొద్దున జనానికి తెరిచేలోపు చూస్తాడు."

అత్త మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఏంటే? ఏమైంది?"

చెప్పాను. చివర్లో నువ్వేమీ చెయ్యలేదత్తా అన్నాను. మోటారు నిజంగానే ఆగిపోయిందని, ఆమె పొయ్యి గురించి అడిగిందని, పక్కన కూచున్నవాళ్ళు చప్పట్లు కొట్టారని చెప్పాను. ఆమె నా చెయ్యి విదిలించుకుంది. మళ్ళీ తనే పట్టుకుంది. అంత గట్టిగా పట్టుకోవడం నేనెరగను.

"చప్పట్లు కొట్టారా?" అంది. "నేను పోతుంటేనా?"

అప్పటికే తలుపు తోసుకుని కళ్ళజోడు విలేకరి లోపలికొచ్చాడు, వెనకాల కెమెరా అతను. "ఆంటీ, అదరగొట్టేశారు! ఒక్కసారి గుండె పట్టుకుని ఇటు చూడండి. ఇంతకుముందు నాటకాలేమైనా వేశారా?"

నేను డైరెక్టరుగారిని చూశాను. ఆయన నేల చూస్తున్నారు. అత్త లేచి కూచుంది, జుట్టు వెనక్కి తోసుకుంది. ఒక్క క్షణం నాకు భయమేసింది, ఫొటోకి సర్దుకుంటోందేమో అని. మెచ్చుకోళ్ళంటే ఆమెకి ఎంత ఇష్టమో నాకు తెలుసు.

"నేనేం వెయ్యలేదు బాబూ" అంది. "నాకు షుగరు పడిపోయింది. ఆ మోటారు పాడైంది. మేమంతా నిజంగానే వేలాడాం. రాసుకో."

అతను నవ్వాడు. "భలేవారే ఆంటీ."

"నవ్వడానికేముంది? నీకు చెప్పేది ఇంకెలా చెప్పాలి?" గొంతు పెంచబోయింది, సగంలోనే అలిసిపోయింది. దిండు మీద వాలి, కళ్ళు మూసుకుని, "ఆ పిల్లగాడికి నువ్వైనా చెప్పవయ్యా" అంది. ఎవర్ని అందో చూడకుండానే అందరికీ తెలిసింది.

విలేకరి నవ్వు సగంలో ఆగింది. డైరెక్టరుగారి వైపు తిరిగాడు. నేనూ తిరిగాను. కెమెరా అతను కెమెరా దించాడు.

"ఆవిడ చెప్పింది రాసుకోండి" అన్నారు డైరెక్టరుగారు. "పొద్దున మీకిచ్చిన కాగితం తప్పు. బయటికి రండి, మిగతాది నేను చెబుతాను. రేపు రోప్‌వే తెరవట్లేదు. ఎప్పుడు తెరుస్తామో తెలీదు." వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగి ఏదో గుర్తుచేసుకున్నట్టు, "హోటళ్ళవాళ్ళకి ముందు చెప్పాలి" అని తనలో తను గొణుక్కున్నారు.

తలుపు మూసుకుంది. అవతల వరండాలో ప్రశ్నలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. ఏది ముందు చెబుతున్నారో, ఏది దాస్తున్నారో నాకు వినపడట్లేదు. రేపు నా కుర్చీ ఉంటుందో లేదో కూడా తెలీదు.

"తినడానికేమైనా తెచ్చిపెట్టవే ముందు" అంది అత్త.

తెచ్చాను. ఆమె తింటుంటే ఎదురుగా కూచుని ప్రతి ముద్దా దిగేదాకా చూశాను. "అలా చూడకే, దిష్టి తగులుతుంది" అంది. కింద ఇంజినీరు మోటారుని మళ్ళీ మళ్ళీ పరీక్షిస్తున్నాడు. అది అందుకుంటుంది, ఆగిపోతుంది. అందుకుంటుంది. ఆగినప్పుడల్లా అత్త చెయ్యి కూడా నోటి దగ్గర ఆగుతోంది. నేను ఆ చెయ్యి వంకే చూస్తున్నాను.